చంటిబిడ్డతో ఊరు దాటేటప్పుడు పాలసీసా ఎలా సిద్ధం చేసుకోవాలి?

"రేపు అరకు వెళ్తున్నాం. పాలు కలిపి ఫ్లాస్కులో పోసుకుంటే మధ్యాహ్నం దాకా నిలుస్తాయా?" వేసవి సెలవులు మొదలయ్యాయంటే ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నిలవవు. గోరువెచ్చని పాలను గంటల తరబడి మూతపెట్టి ఉంచడమంటే, పెరుగు తోడు పెట్టడానికి మనం చేసే పనే. పెరుగులో పెరిగేవి మనకు మేలు చేసేవి. బిడ్డ పాలలో ఏవి పెరుగుతాయో మనకు తెలియదు.

మా పెద్దపాపకు ఐదో నెలలో అన్నవరం వెళ్ళినప్పుడు నేనూ ఇలాగే కలిపి తీసుకువెళ్ళాను. మూత తీస్తే వాసన బాగానే ఉంది, రంగూ మారలేదు. ఆ రాత్రే విరేచనాలు మొదలయ్యాయి, తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే నియమం: మరిగిన నీళ్ళు ఒకచోట, కొలిచిన పొడి ఒకచోట, ఖాళీ సీసా ఒకచోట. బిడ్డకు ఆకలి వేసినప్పుడే మూడూ కలవాలి. ఆ నియమాన్ని ప్రయాణంలో ఎలా నిలబెట్టుకోవాలో వరుసగా రాస్తున్నాను.

1. బయలుదేరే ముందు తేల్చుకోవలసినవి

తల్లి తోడుగా ఉండి, పాలు ఇవ్వగలిగితే, ప్రయాణంలో తల్లిపాలకు మించిన సౌకర్యం లేదు. మరిగించే పని లేదు, కడిగే పని లేదు. ఒక పలచని చున్నీ చాలు. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు విడిగా మంచినీళ్ళు కూడా పట్టనవసరం లేదు, విశాఖ మే నెల ఉక్కపోతలో అయినా సరే. ఎండగా ఉంటే పాలే ఎక్కువసార్లు ఇవ్వాలి.

పొడిపాలు తప్పనిసరైన ఇళ్ళకోసమే మిగతాదంతా. డాక్టరు చెప్పిన పొడినే వాడండి. ప్రయాణం పేరుతో కొత్త రకానికి మారవద్దు. కడుపు ఉబ్బరం వస్తే అది పొడివల్లో, దారివల్లో తెలియక తికమక పడతారు.

బిడ్డకు రెండు నెలలు నిండకపోతే, నెలలు నిండకుండా పుట్టి ఉంటే, లేదా రోగనిరోధక శక్తి తక్కువని డాక్టరు చెప్పి ఉంటే, సరదా ప్రయాణాన్ని కొన్నాళ్ళు వాయిదా వేయండి. డబ్బాలోని పాలపొడి క్రిమిరహితం కాదు. తయారీ ఎంత శుభ్రంగా జరిగినా క్రోనోబ్యాక్టర్, సాల్మొనెల్లా వంటి క్రిములు పొడిలో అరుదుగా చేరే అవకాశం ఉంది. అవి బాగా చిన్నపిల్లలకు ప్రాణాంతకం కాగలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పొడి కలిపే నీళ్ళు 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదని చెప్పింది ఇందుకే. ఆ వేడే పొడిలోని క్రిములను చంపుతుంది. నీళ్ళు శుభ్రంగా ఉంటే చాలు, గోరువెచ్చగా ఉన్నా పరవాలేదు అనుకోవడం చాలామంది చేసే మొదటి తప్పు.

2. ఎన్ని సీసాలు, ఎంత నీరు

లెక్క సులువు. ఇంటి గడప దాటిన దగ్గర నుంచి తిరిగి వచ్చేవరకు ఎన్నిసార్లు పాలు పడతారో లెక్కపెట్టి, దానికి రెండు కలపండి. ఒకటి పాలు ఒలికిపోతే, ఇంకొకటి బండి ఆలస్యమైతే.

ఉదాహరణకు ఉదయం ఆరింటికి ఇంటి నుంచి బయలుదేరి రాత్రి తొమ్మిదింటికి చేరే అరకు ప్రయాణం. పదిహేను గంటలు. మూడు గంటలకోసారి 120 మి.లీ. తాగే బిడ్డకు ఐదుసార్లు. రెండు కలిపితే ఏడు. అంటే ఏడు మోతాదుల పొడి, 840 మి.లీ. వేడి నీళ్ళు. సీసాలు మాత్రం ఏడు మోయనవసరం లేదు. నాలుగు సీసాలు, ఒక ఉగ్గుగిన్నె నాకు సరిపోతాయి.

ఉగ్గుగిన్నె అంటే కొందరు పాతకాలపు వస్తువని పక్కన పెడతారు. నా మాట విని ఒకటి సంచిలో వేసుకోండి. పాలు ఇరుక్కునే మూలలు, రంధ్రాలు దానికి లేవు. సీసా కింద పడినా, నిపిల్ మురికైనా ఆ పూట గడిచిపోతుంది. మా అత్తయ్య నా రెండో కాన్పు తర్వాత తన వెండి ఉగ్గుగిన్నెను నా సంచిలో పెట్టి, "సీసా ఒక్కదాన్నే నమ్ముకోకమ్మా" అన్నారు. స్టీలుదైనా అంతే పని చేస్తుంది.

సామాను పట్టిక:

- నాలుగు సీసాలు, రింగులు, మూతలతో సహా. సీసా మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, 14625 అన్న ప్రమాణ సంఖ్య ఉండాలి
- విడిగా రెండు నిపిళ్ళు, మరిగించి ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో
- ఉగ్గుగిన్నె
- అర లీటరు స్టీలు ఫ్లాస్కులు రెండు
- పొడి పెట్టుకునే చిన్న డబ్బాలు, లేదా గదులున్న పాలపొడి డబ్బా
- వెడల్పు మూతి స్టీలు గ్లాసు, పాలు చల్లార్చడానికి
- మామూలు మంచినీళ్ళ సీసా, చేతులు కడగడానికీ పాలు చల్లార్చడానికీ
- చిన్న సబ్బు బిళ్ళ, రెండు శుభ్రమైన చేతి రుమాళ్ళు
- సీసా బ్రష్షు, రాత్రి బస ఉంటేనే
- వాడిన సీసాలకు విడి సంచి

ఒకే లీటరు ఫ్లాస్కు బదులు రెండు అర లీటరు ఫ్లాస్కులు ఎందుకంటే, మూత తీసిన ప్రతిసారీ వేడి పోతుంది. మొదటిది వాడుతున్నంతసేపూ రెండోది మూత తీయకుండా ఉంటుంది.

గాజు సీసా ఇంట్లో మంచిదే కానీ ప్రయాణానికి వద్దు. చల్లని గాజులో మరుగునీళ్ళు పడితే చిట్లవచ్చు, బస్సు కుదుపుకు పగలవచ్చు. స్టీలు సీసా పగలదు కానీ వేడి నీళ్ళు పోయగానే పట్టుకోలేనంతగా కాలుతుంది, లోపల ఎంత పోశామో బయటికి కనపడదు. నా ఓటు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సీసాకే.

3. ముందు రాత్రి: సీసాలు మరిగించడం

(అ) చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసాలను విడి భాగాలుగా తీసి, సబ్బు నీటిలో బ్రష్షుతో తోమండి. నిపిల్‌ను తిరగేసి లోపలి వైపు కూడా రుద్దాలి. రింగు మరలలో పాల జిడ్డు పేరుకుంటుంది. ఆ జిడ్డు ఉంటే ఎంత మరిగించినా ప్రయోజనం లేదు.

(ఆ) పెద్ద గిన్నెలో సీసాలు, రింగులు, మూతలు, నిపిళ్ళు, ఉగ్గుగిన్నె పూర్తిగా మునిగేలా నీళ్ళు పోయండి. సీసాలో గాలి బుడగ నిలిస్తే అంతమేరా నీరు తగలదు. సీసాను వంచి బుడగ పోనివ్వండి.

(ఇ) నీళ్ళు సలసలా మరగడం మొదలయ్యాక పది నిమిషాలు లెక్కపెట్టండి. గిన్నె పొయ్యి మీద పెట్టినప్పటి నుంచి కాదు.

(ఈ) మళ్ళీ చేతులు కడుక్కుని, పట్టకారుతో తీయండి. గుడ్డతో తుడవవద్దు. నీరు దులిపి, నిపిల్, రింగు, మూత వెంటనే బిగించేయండి. ఇలా పూర్తిగా బిగించిన సీసాను 24 గంటలలోపు వాడుకోవచ్చు. మూత తీసి లోపల ఎలా ఉందోనని చూశారా, ఆ 24 గంటల లెక్క ఇక పనికిరాదు.

సీసాలో రెండు చుక్కల నీరు మిగిలినా ఇబ్బంది లేదు, అది మరిగిన నీరే. పొడి పెట్టే డబ్బాలు మాత్రం చుక్క తడి లేకుండా ఆరాలి. వాటిని ఇంకా ముందే మరిగించి, శుభ్రమైన జల్లెడ మీద బోర్లించి రాత్రంతా ఉంచండి.

4. ఫ్లాస్కును పరీక్షించండి

ఈ మెట్టును అందరూ దాటేస్తారు. కానీ మొత్తం పద్ధతి దీని మీదే నిలబడి ఉంది.

"24 గంటలు వేడి" అని డబ్బా మీద రాసి ఉంటుంది. ఏ మాత్రం వేడి అన్నది మనకు కావాలి. యాభై డిగ్రీల నీళ్ళు కూడా చేతికి వేడిగానే తగులుతాయి, పొడిలోని క్రిములకు మాత్రం ఆ వేడి చాలదు. కాబట్టి ప్రయాణానికి వారం ముందే ఒక వంట థర్మామీటరు కొని ఇంట్లో ఇలా చూడండి.

- మరిగే నీళ్ళు ఫ్లాస్కులో పోసి మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచి పారబోయండి. లోపలి గోడ వేడెక్కుతుంది.
- వెంటనే సలసలా మరిగే నీళ్ళు అంచుదాకా నింపి బిగించండి. సగం నింపిన ఫ్లాస్కు చాలా త్వరగా చల్లారుతుంది.
- నాలుగు గంటల తర్వాత మూత తీసి చూడండి. ఇంకో రోజు మళ్ళీ నింపి ఆరు గంటలకు, మరో రోజు ఎనిమిది గంటలకు.
- నీళ్ళు ఎన్ని గంటల దాకా 70 పైన ఉన్నాయో ఒక కాగితం మీద రాసి ఫ్లాస్కుకు అతికించండి.

మంచి ఫ్లాస్కు నిండుగా ఉంటే నీళ్ళను చాలా గంటలు 70 పైన ఉంచుతుంది. మూత కింది రబ్బరు వదులైన పాత ఫ్లాస్కు ఉంచలేదు. మీ చేతిలో ఉన్నది ఎలాంటిదో మీ పరీక్షే చెబుతుంది. అతికించిన గంటలు దాటితే ఆ నీళ్ళు సీసా కడగడానికే, పాలు కలపడానికి కాదు.

కాఫీ, టీ పోసిన ఫ్లాస్కును దీనికి వాడవద్దు. బిడ్డ ఫ్లాస్కు బిడ్డదే.

నీటి సంగతి. మున్సిపల్ కుళాయి నీరైనా, ఇంట్లో వడపోత యంత్రం నీరైనా, ఇరవై లీటర్ల క్యాను నీరైనా, సీలు వేసిన సీసా నీరైనా మరిగించాల్సిందే. సీలు ఉన్నంత మాత్రాన క్రిమిరహితం కాదు. కొన్న నీళ్ళైతే చీటీ మీద సోడియం లీటరుకు 200 మి.గ్రా. లోపు, సల్ఫేట్ 250 మి.గ్రా. లోపు ఉన్నాయో లేదో చూడండి. తీరం వెంబడి బోరు నీళ్ళు కొన్నిచోట్ల ఉప్పగా ఉంటాయి. మరిగిస్తే ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది. రుచికి ఉప్పగా తగిలిన నీళ్ళు బిడ్డ పాలకు వద్దే వద్దు.

5. పొడి కొలిచి పెట్టుకోవడం

డబ్బా మీద తల్లిపాల గొప్పతనాన్ని చెప్పే మాట 1992 నాటి చట్టం ప్రకారం ఉండి తీరాలి. అది చదివిన కళ్ళతోనే కలిపే కొలతల పట్టిక కూడా చదవండి. మన దగ్గర దొరికే చాలా రకాల్లో 30 మి.లీ. నీళ్ళకు ఒక చెంచా, అంటే 120 మి.లీ.కి నాలుగు. మీ డబ్బాలో వేరేగా ఉంటే అదే లెక్క. ఒక డబ్బా చెంచా ఇంకో డబ్బాకు పనికిరాదు.

చెంచాను పొడిలో ముంచి, పైన గోపురంలా ఉన్నదాన్ని శుభ్రమైన కత్తి వీపుతో సమంగా తీసేయండి. నొక్కి కూరవద్దు.

ఒక్కో డబ్బాలో ఒక్కో పూటకు సరిపడా పొడి పోసి, మీద చిన్న కాగితం అతికించి "120 – 4" అని రాయండి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, రైలు సొరంగంలో ఉంటే చెంచాలు లెక్కపెట్టలేరు. నాలుగు వేశానా, మూడు వేశానా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

విశాఖ గాలిలోని తేమ పాలపొడికి శత్రువు. పెద్ద డబ్బానే సంచిలో పెట్టుకుని ప్రతిచోటా మూత తీస్తే రెండు రోజుల్లో పొడి గడ్డలు కడుతుంది. గడ్డకట్టిన పొడిని చిదిమి వాడవద్దు, దానికి తేమ తగిలినట్టే. రెండు, మూడు రోజుల ప్రయాణమైతే సీలు తీయని చిన్న డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి. మీరు వాడే రకం కొండ మీద దుకాణాల్లో దొరుకుతుందని నమ్ముకోవద్దు.

6. దారిలో పాలు కలిపే క్రమం

(1) కదలని చోటు చూసుకోండి. రైలు ఆగినప్పుడో, కారు పక్కకు ఆపినప్పుడో, బస్సు స్టాండులో బల్ల మీదో. కదిలే వాహనంలో, ఒడిలో బిడ్డ ఉండగా ఫ్లాస్కు మూత తీయవద్దు. ఒకరు బిడ్డను ఎత్తుకుని అవతల నిలబడాలి, రెండోవారు కలపాలి. ఒంటరిగా వెళ్తున్నవారు పక్కనున్న పెద్దావిడను "కాస్త పాపను పట్టుకుంటారా అమ్మా" అని అడగండి, ఎవరూ కాదనరు.

(2) చేతులు సబ్బుతో కడగండి. చేతికి రాసుకునే శానిటైజరు సబ్బూ నీళ్ళూ లేనప్పుడే. అది మట్టిని, జిడ్డును వదిలించదు.

(3) ఒడి మీదో, బల్ల మీదో శుభ్రమైన రుమాలు పరచండి. సీసా రింగును నిపిల్‌తో సహా తీసి, నిపిల్ దేనికీ తగలకుండా, దాని మీది మూత తీయకుండానే రుమాలు మీద ఉంచండి.

(4) ముందు నీళ్ళు. సీసాను సమంగా ఉన్నచోట పెట్టి, గీతను కంటి ఎత్తులో చూస్తూ 120 దాకా పోయండి. గాలిలో వంకరగా పట్టుకుని పోస్తే పది మి.లీ. అటూ ఇటూ అవుతుంది.

(5) తర్వాత పొడి. ఈ వరుస మారకూడదు. పొడి ముందు వేసి గీత దాకా నీళ్ళు పోస్తే, పొడి ఆక్రమించిన చోటు మేరకు నీళ్ళు తగ్గుతాయి, పాలు చిక్కబడతాయి. చిక్కని పాలతో బిడ్డకు బలం రాదు. మలబద్ధకం వస్తుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది.

(6) మూత బిగించి, సీసాను అరచేతుల మధ్య పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ కలపండి. గట్టిగా పైకీ కిందికీ ఊపితే నురగ వస్తుంది, ఆ గాలంతా బిడ్డ కడుపులోకే.

(7) చల్లార్చండి. స్టీలు గ్లాసులో మామూలు నీళ్ళు పోసి సీసాను అందులో నిలబెట్టండి. నీటి మట్టం సీసా మూతకు కిందే ఉండాలి. రెండు నిమిషాలకోసారి నీళ్ళు మార్చి, సీసాను నెమ్మదిగా తిప్పండి. మే నెలలో మంచినీళ్ళ సీసా కూడా వెచ్చగానే ఉంటుంది కాబట్టి దుకాణంలో ఒక చల్లని నీళ్ళ సీసా కొని వాడితే పని త్వరగా అవుతుంది. ఆ నీళ్ళు చల్లార్చడానికే, కలపడానికి కాదు.

(8) సీసా బయట తుడిచి, మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసుకోండి. వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. సీసా బయటివైపు తాకి చూసి నిర్ణయించవద్దు, పైభాగం చల్లారినా లోపలి పాలు కాలుతుండవచ్చు.

(9) వెంటనే పట్టండి. బిడ్డ తల కాస్త ఎత్తులో, నిపిల్ ఎప్పుడూ పాలతో నిండి ఉండేలా. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి భుజాన వేసుకుని త్రేన్పు రానివ్వండి.

(10) తాగడం మొదలుపెట్టిన గంటలోపు మిగిలినవి పారబోయండి. ముట్టని పాలైతే కలిపిన రెండు గంటలకు పారబోయాలి. ఎండలో నిలిపిన కారులో ఉంటే నేను అంతసేపూ ఆగను.

బిడ్డకు ఆకలి ఇంకో పది నిమిషాల్లో మొదలవుతుందని తల్లికి ముందే తెలుస్తుంది. చేతులు నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పడం కనిపించగానే ఈ పని మొదలుపెట్టండి. ఏడుపు మొదలయ్యాక మొదలుపెడితే తొందరలో 7, 8 మెట్లు దాటేస్తారు. నోరు కాలేది అప్పుడే.

ఉగ్గుగిన్నెతో పట్టాలంటే బిడ్డను దాదాపు కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె మూతిని కింది పెదవికి ఆనించండి. బిడ్డే నాలుకతో అందుకుంటుంది. నోట్లో ఒంపేస్తే పొరపోతుంది.

7. చోటును బట్టి జాగ్రత్తలు

అరకు రైలు. తెల్లవారుతూనే బయలుదేరే కిరండూల్ రైలులో దాదాపు నాలుగు గంటల ప్రయాణం. మొదటి పాలు స్టేషన్‌లో రైలు ఎక్కకముందే పట్టేయండి. రెండోసారి శృంగవరపుకోటలో ఆగినప్పుడు నీళ్ళు పోసి కలిపేయండి. ఆ తర్వాత కొండ ఎక్కుడు, వరుసగా సొరంగాలు, బోగీలో కుదుపు. బోగీలోని ఛార్జింగు ప్లగ్గులో విద్యుత్ కెటిల్ పెట్టకూడదు. రైల్వే దాన్ని నిషేధించింది, మంటలు రేగే ప్రమాదం ఉంది.

అరకు ఘాట్ రోడ్డు. కారులో వెళ్ళేవారు కూడా శృంగవరపుకోటలోనే ఆగండి. పాలు పట్టి, త్రేన్పు తెప్పించి, ఇరవై ముప్పై నిమిషాలు బిడ్డను నిటారుగా ఎత్తుకుని, అప్పుడు ఘాట్ ఎక్కండి. నిండు కడుపుతో అనంతగిరి మలుపులు తిరిగితే తాగినదంతా కక్కేస్తుంది. కొండ మీద నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కదా, చాలుతుందా అని ఒక తల్లి అడిగింది. మంచి ప్రశ్న. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు, అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. 70కి చాలా పైనే. దిగులు పడకండి. డిసెంబరు, జనవరి చలిలో మాత్రం ఫ్లాస్కు మూత తెరిచి ఉంచకండి.

దారిలో ఫ్లాస్కు నింపాల్సి వస్తే టీ దుకాణంలో అడగవచ్చు. కానీ టీ గిన్నెలోంచి కాదు. "బాబూ, చంటిపాపకు పాలు కలపాలి, శుభ్రమైన గిన్నెలో నీళ్ళు మరిగించి ఇస్తారా?" అని అడిగి, నీళ్ళు తెర్లడం మీ కళ్ళతో చూసి, పొయ్యి మీద నుంచి నేరుగా ఫ్లాస్కులో పోయించుకోండి. ఒక టీ డబ్బులు ఎక్కువ ఇవ్వండి.

బీచ్. రామకృష్ణా బీచ్‌లోనూ రుషికొండలోనూ సాయంత్రం గాలికి ఇసుక లేస్తుంది. ఇసుక మీద కూర్చుని సీసా తెరవవద్దు. రోడ్డు వైపు వచ్చి, కారులోనో గోడ చాటునో కలపండి.

సింహాచలం. మామూలు రోజుల్లో కొండెక్కే ముందు పాలు పడితే చాలు. చందనోత్సవం రోజున క్యూలో ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో చెప్పలేం. చంటిబిడ్డను ఆ రోజు ఇంట్లో ఉంచడమే మేలు. 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకైతే అసలు వద్దు.

విమానం. తనిఖీ దగ్గర పాలపొడి, నీళ్ళు విడిగా తీసి చంటిబిడ్డవని చెప్పండి. విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు పాలు తాగిస్తే చెవి నొప్పి తగ్గుతుంది. కాబట్టి సీటులో కూర్చున్నాక, విమానం కదలకముందే కలిపి చల్లార్చి ఉంచుకోండి.

లాడ్జి గది. కెటిల్‌లో ముందువారు ఏం వండారో తెలియదు. ఒకసారి సబ్బుతో కడిగి, నిండా నీళ్ళు మరిగించి పారబోసి, రెండోసారి మరిగిన నీళ్ళు వాడండి. మరిగిన నీళ్ళు బయట అరగంటకు మించి ఉంచితే 70 దిగువకు జారతాయి. సీసాల మీద కెటిల్ నీళ్ళు గుమ్మరించడం మరిగించడం కిందికి రాదు. వంటగదిలో గిన్నె అడిగి పది నిమిషాలు మరిగించండి. అది కుదరకపోతే మందుల షాపులో దొరికే క్రిమిసంహారక బిళ్ళలను చీటీలో రాసినట్టు వాడండి.

8. పిండి తీసిన తల్లిపాలైతే

దీనికి పద్ధతి వేరు. ఇక్కడ వేడి నీళ్ళ పని లేదు, చల్లదనమే ముఖ్యం.

25 డిగ్రీల గదిలో తీసిన పాలు నాలుగు గంటలు ఉంటాయని లెక్క. విశాఖ వేసవిలో గదులు అంత చల్లగా ఉండవు కాబట్టి ఆ లెక్కను నమ్మవద్దు. తీసిన వెంటనే చల్లని పెట్టెలో, గడ్డకట్టిన ఐసు ప్యాకుల మధ్య పెట్టండి. అలా 24 గంటలు నిలుస్తాయి, పెట్టెను పదే పదే తెరవకపోతే. ప్యాకులు కరిగి మెత్తబడితే పాలు అప్పుడే వాడేయాలి.

వెచ్చబెట్టాలంటే ఫ్లాస్కు నీళ్ళు, మామూలు నీళ్ళు కలిపిన గ్లాసులో సీసాను నిలబెట్టండి. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో వద్దు. పైన తేలిన వెన్న పొర పాలు విరిగాయనడానికి గుర్తు కాదు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది.

9. ఎక్కువమంది చేసే పొరపాట్లు, వాటికి సవరణ

వేడి నీళ్ళలో చల్లని నీళ్ళు కలిపి, ఆ గోరువెచ్చని నీళ్ళలో పొడి వేయడం. త్వరగా అవుతుందని చేస్తారు. పొడికి 70 డిగ్రీల వేడి తగలకుండా పోతుంది. పొడి వేడి నీళ్ళలోనే కలవాలి, చల్లార్చడం సీసా బయటి నుంచే.

పొడి తక్కువ పడిందని, డబ్బా త్వరగా అయిపోతుందని పలచగా కలపడం. బిడ్డ కడుపు నిండినట్టే కనిపిస్తుంది, బరువు పెరగదు. పొడి సరిపోకపోతే నీళ్ళు కూడా అదే లెక్కన తగ్గించి తక్కువ పాలు కలపండి.

పాలు ఉండలు కట్టడం. పొడి తడిసిందేమో చూడండి. పొడి బాగుంటే మరీ మరిగే నీళ్ళు పోసి ఉంటారు. తర్వాతిసారి సీసాలో నీళ్ళు పోసి ఒకటి రెండు నిమిషాలు ఆగి పొడి వేయండి. ఉండ నిపిల్‌కు అడ్డుపడితే సూదితో రంధ్రం పెద్దది చేయవద్దు, పాలు ధారగా వచ్చి పొరపోతుంది.

నిపిల్ కింద పడితే చీర కొంగుతో తుడిచి పెట్టేయడం. విడి నిపిళ్ళు తెచ్చుకున్నది ఇందుకే.

మిగిలిన పాలలోనే కొత్త పాలు కలపడం. బిడ్డ ఉమ్ము కలిసిన పాలు అవి. సీసాయే మార్చాలి.

తేనె నాకించడం, చక్కెర వేయడం. ఏడాది నిండనిదే తేనె వద్దు, బొట్యులిజం అనే ప్రమాదకర జబ్బు రావచ్చు.

వాడిన సీసాను మూతపెట్టి సాయంత్రం దాకా వదిలేయడం. తాగించగానే ఫ్లాస్కులో పాతబడిన వేడి నీళ్ళు కొంచెం పోసి కలియతిప్పి పారబోయండి. పాలు ఎండి అంటుకుపోకుండా ఉంటాయి. దాన్ని శుభ్రమైన సీసాలతో కలపకుండా విడి సంచిలో వేయండి. రైలు బేసిన్‌లో కడిగి మళ్ళీ వాడవద్దు.

10. ఇవి కనిపిస్తే ప్రయాణం ఆపండి

- నీళ్ళ విరేచనాలు, తాగిన ప్రతిసారీ వాంతి
- ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం
- మాడు లోపలికి కుంగడం, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం
- పాలు తాగడానికి నిరాకరించడం, లేపినా మత్తుగా ఉండటం
- మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి జ్వరం

దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళండి, లేదా 108కి ఫోన్ చేయండి. బిడ్డ తాగిన పొడి డబ్బాను కూడా వెంట తీసుకువెళ్ళి డాక్టరుకు చూపించండి. తాగగలిగితే పాలు ఆపవద్దు.

11. ఇంటికి రాగానే

- విడి డబ్బాల్లో మిగిలిన పొడిని పెద్ద డబ్బాలో కలపవద్దు, పారబోయండి
- ఫ్లాస్కులు కడిగి, మూత తీసి బోర్లించి ఆరబెట్టండి. మూతపెడితే ముక్క వాసన వస్తుంది
- నిపిళ్ళను వెలుతురులో సాగదీసి చూడండి. జిగటగా ఉన్నా, పగులు కనిపించినా పారేయండి
- సీసాలన్నీ ఆ రాత్రే తోమి మరిగించండి, తెల్లవారి మొదటి పాలకు ఒకటి సిద్ధంగా ఉంటుంది